తలుపు మీద జానెడు తళుకు

పాత కార్లను బాగుచేయించే వాళ్లను ఇంజను గురించి అడిగితే పది నిమిషాల్లో ముగిస్తారు, రంగు గురించి అడిగితే అరగంట తీసుకుంటారు, ఊడిపోయిన మెరుపు పట్టీ గురించి మాత్రం పొరపాటున కూడా అడగకూడదు. ఇంజను భాగాలు లేకపోతే బండి కదలదు కాబట్టి వాటిని ఎవరో ఒకరు ఇంకా తయారుచేస్తూనే ఉంటారు. తలుపు మీద సింగారానికి తొడిగిన లోహపు పట్టీ లేకపోయినా బండి నిక్షేపంగా నడుస్తుంది కాబట్టి దాని ఊసెత్తే నాథుడు ఉండడు. అయితే చూడవచ్చిన ప్రతివాడి కన్నూ మొదట పడేది ఆ ఖాళీ మీదే.

మా మిత్రుడి కన్వర్టిబుల్ కారుకు, అంటే పైకప్పు మడిచేసే బండికి, సరిగ్గా ఆ గతే పట్టింది. అది 1950ల నాటిది. కార్లకు ఎంత తళుకు దిగేస్తే అంత గొప్ప అనుకున్న కాలమది. 1958 బ్యూయిక్ ముందు జాలీలోనే 160 క్రోమ్ బిళ్లలు ఉండేవంటే ఆ వ్యామోహం ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆ లెక్కన మిత్రుడి కారు సన్యాసం పుచ్చుకున్నట్టే: పక్కకొక సన్నని పట్టీ, అంతే. కుడి తలుపు మీది ఆ పట్టీకి వెనక కొసన ఉండవలసిన జానెడు ముక్క ఎప్పుడో, ఎక్కడో రాలిపోయింది.

“ఎడమవైపుది ఉంది కదా మేస్త్రి గారూ, దాన్ని తిరగేసి చేస్తే సరిపోతుంది” అన్నాడు మిత్రుడు. బండి బాగుచేస్తున్న మేస్త్రి గారు ఏమీ అనలేదు. తిరగేసి చేస్తే సరిపోతుందన్న మాట ఆయన తన జీవితంలో చాలామంది నోట విని ఉంటారు.

ముందుగా ఎడమవైపు ముక్కను ఊడదీయాలి. దాన్ని పట్టి ఉంచిన క్లిప్పులు ఏళ్ల తరబడి తుప్పుపట్టి తలుపుతో ఏకమైపోయి ఉన్నాయి. కాస్త గట్టిగా లాగితే పట్టీ వంగిపోతుంది, అప్పుడు చేయవలసిన ముక్కలు ఒకటికి రెండవుతాయి. మేస్త్రి గారు ఊపిరి బిగబట్టి పలుచని ప్లాస్టిక్ చీలికతో ఒక్కో క్లిప్పునూ కదిలిస్తుంటే, నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను, మిత్రుడు రంగు గీసుకుపోతుందేమోనని కళ్లు మూసుకున్నాడు.

ఊడివచ్చిన ముక్కను అట్ట మీద గీసి, కత్తిరించి, తిరగేసి కుడి తలుపుకు ఆనించి చూస్తే వంపు కలవలేదు. ఆ కాలపు బాడీలకు అతుకుల దగ్గర సీసం నింపి, ఆకురాయితో అరగదీసి చేత్తో నునుపు చేసేవారు. ఒక పక్క పనిచేసిన చేయి, రెండో పక్క పనిచేసిన చేయి ఒకటి కావు. బొమ్మలో అద్దంలో చూసుకున్నట్టు ఉండే రెండు పక్కలు బండిలో మాత్రం దాయాదుల్లా ఉంటాయి. పోలిక ఉంటుంది, పొత్తు ఉండదు.

రేకు ఏది వాడాలన్న చర్చ మరొకటి. మామూలు ఇనుప రేకుతో చేసి క్రోమ్ పూయిస్తే చాలదా అని మిత్రుడి వాదన. అసలు మెరుపులో ఎక్కువ పాలు క్రోమ్‌ది కాదు, దాని కింద వేసే నికెల్‌ది. పైనున్న క్రోమియం పొర ఒక మైక్రాన్‌కు కూడా చేరదు. అంత పలుచని పూత గీతను దాచదు సరికదా, తళతళలాడించి నలుగురికీ చూపిస్తుంది. పైగా మిగిలిన పట్టీ అంతా స్టెయిన్‌లెస్ స్టీలే. తుపాకీ గొట్టాలు తొందరగా అరిగిపోకుండా ఉండే లోహాన్ని వెతుకుతూ 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. అది చివరికి ఇలా మేస్త్రి గారి సహనాన్ని అరగదీయడానికి పనికివచ్చింది. సుత్తి దెబ్బ పడేకొద్దీ ఈ లోహం మెత్తబడదు, మొండికేస్తుంది. గట్టి కొయ్యను పట్టీ ఆకారంలో చెక్కి, రేకును దాని మీద బిగించి, క్లిప్పులు పట్టేందుకు అంచులను లోపలికి మడవాలి. వంపు ఉన్నచోట ఒక అంచు సాగాలి, రెండో అంచు కుదించుకోవాలి. రేకు ఈ రెంటికీ ఒప్పుకోదు, మధ్యలో ముడత పెడుతుంది.

ఎలాగో అది లొంగింది. తరువాత 220, 400, 800 నంబర్ల ఎమెరీ కాగితాలతో, ఒకదాని గీతలకు అడ్డంగా మరొకటి రుద్దారు. ఇక మిగిలింది పాలిష్ చక్రం. ముక్కను చక్రం కింది సగానికే ఆనించాలి, అంచు ఎప్పుడూ చక్రం తిరిగే దిశకు ఎదురు ఉండకూడదు. పని తెలిసిన మేస్త్రి గారు అలాగే పట్టుకున్నారు. అయినా మడత మూల ఒకటి గుడ్డ పోగుకు చిక్కిందో ఏమో, ఆ జానెడు స్టీలు ఆయన వేళ్లలోంచి మాయమై, గోడకు తగిలి, ఖంగుమని బండి కిందకు దూరింది. దాని కోసం ముగ్గురమూ బోర్లా పడుకోవలసి వచ్చింది. చిన్న సొట్ట పడింది. సొట్ట తీయడం, మళ్లీ 220, మళ్లీ 400.

చివరకు బిగించారు. ముందు పట్టీతో గీత కలిసింది, తలుపు అంచుకూ వెనక ఫెండర్ (చక్రం మీది రేకు) పట్టీకీ మధ్య చక్కగా మూడు మిల్లీమీటర్ల సందు. మిత్రుడు ఫొటోలు తీసుకున్నాడు. అప్పుడు బండిని, అంతవరకూ ఎత్తి నిలిపిన స్టాండ్ల మీంచి నేల మీదకు దింపారు. సందు కాస్తా మూసుకుపోయింది.

గట్టి పైకప్పు లేని కారుకు నడుము బలం తక్కువ. ఈ బండికి స్టాండ్లు నడుము కిందనే పెట్టారు. అప్పుడు రెండు కొసలూ కిందికి వాలి తలుపు పైభాగం దగ్గర సందు విచ్చుకుంది. చక్రాల మీద నిలబెడితే బరువు కొసలకు మారి నడుము కుంగింది, పైసందు మూసుకుంది. కొత్త ముక్క చివర ఫెండర్ పట్టీని ముద్దుపెట్టుకుని వదలనంటోంది. ఇంకాస్త గట్టిగా తలుపు తెరిస్తే రంగు లేచివస్తుంది.

“బండిని ఎప్పుడూ స్టాండ్ల మీదే ఉంచితే?” అన్నాడు మిత్రుడు, పూర్తి గంభీరంగా.

మేస్త్రి గారు ఆయనను డ్రైవరు సీటులో కూర్చోబెట్టారు, మనిషి బరువు కూడా లెక్కలోకి రావాలి కదా. బండి సొంతదారు తన కారులో మొట్టమొదటిసారి స్టీరింగు పట్టుకుని ఎటూ కదలకుండా మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. ముక్కను తీసి, ఆకురాయి నాలుగు సార్లు ఆడించి, పెట్టి చూసి, మళ్లీ తీస్తూ మేస్త్రి గారు సందును దారికి తెచ్చారు. మిత్రుడు మధ్యలో నీళ్లకని దిగితే, “ఎక్కండి, గీత మారిపోయింది” అని గద్దింపు. చివరకు ఆ ముక్క లోపలివైపు, ఎవరి కంటా పడనిచోట, గీతల ములుకుతో “బండి నేల మీద, మనిషి సీటులో” అని రాసి, క్లిప్పులు ఒక్కొక్కటే నొక్కారు.

మిత్రుడు తృప్తిగా దిగి, చుట్టూ తిరిగి, వంగి సందు చూసుకుని అడిగాడు: “మేస్త్రి గారూ, మడిచిన పైకప్పు ఎక్కించి ముందు అద్దం ఫ్రేముకు బిగిస్తే అది కూడా లాగుతుందేమో?”

తుడిచి పెట్టెలో పెట్టబోతున్న ఆకురాయిని మేస్త్రి గారు మళ్లీ బల్ల మీద పెట్టారు.