టెన్షన్ ఎవరో ఒకరు పడాలి

మన దేశంలో అడగకుండానే దొరికే సలహా ఒకటుంది: "టెన్షన్ పడకండి." డాక్టరు అంటాడు, బ్యాంకు వాళ్ళు అంటారు, మన దగ్గర అప్పు తీసుకుని మూడేళ్ళయిన బావమరిది కూడా అంటాడు. ఈ సలహాను చిత్తశుద్ధితో పాటించిన ఏకైక వ్యక్తి నా కారు ఇంజిన్‌లో ఉన్నాడని ఈ మధ్యే తెలిసింది. పేరు టైమింగ్ చెయిన్ టెన్షనర్, అంటే ఇంజిన్ లోపలి గొలుసును బిగువుగా ఉంచేవాడు. టెన్షన్ పడటం తప్ప అతనికి వేరే ఉద్యోగం లేదు. అదీ మానేశాడు.

ఈ అనుభవంతో నేనొక సిద్ధాంతం కనిపెట్టాను. టెన్షన్‌ను పుట్టించలేం, చంపలేం, బదిలీ మాత్రమే చేయగలం. ఇంజిన్ వదిలేసిన టెన్షన్ యజమానికి వస్తుంది. యజమాని నుంచి భార్యకు, అక్కడి నుంచి లెక్కల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి. ఈ గొలుసులో ఎక్కడా లీకు ఆపే ప్యాకింగ్ ఉండదు, లీకు మాత్రం ఉంటుంది.

అసలు గొలుసు సంగతి కూడా చెప్పాలి. ఇంజిన్‌లో కింద పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. కింద నిమిషానికి 3,000 అయితే పైన 1,500. ఈ లెక్క తప్పకుండా ఇద్దరినీ కట్టి ఉంచేదే టైమింగ్ చెయిన్. అది వదులై రెండు మూడు పళ్ళు దాటిందనుకోండి, మూసుకోవాల్సిన వాల్వు ఇంకా తెరుచుకునే ఉంటుంది, కింది నుంచి పిస్టన్ వచ్చేస్తుంది. చాలా ఇంజిన్లలో ఇక వాల్వులు వంగిపోతాయి, ఇంజిన్ పైభాగమైన హెడ్ దించాలి, మనం కూడా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి.

దీన్నంతా ఆపుతున్నది బొటనవేలంత ముక్క, ఆ టెన్షనరే. ఆయిల్ ప్రెషర్‌తో దాని ప్లంజరు అనే చిన్న కడ్డీ బయటికొచ్చి గైడు అనే పట్టీని నెడుతుంది, గైడు గొలుసును నెడుతుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందికి దిగిపోతుంది కదా. పొద్దున్న ప్రెషర్ అందేలోపు ప్లంజరు వెనక్కి జారకుండా పట్టుకోవడానికి చిన్న చిన్న పళ్ళుంటాయి. అవి అరిగితే స్టార్ట్ చేయగానే రేకు డబ్బాలో శెనగలు పోసి ఊపినట్టు ఒక చప్పుడు. రెండు మూడు సెకన్లు, అంతే. తర్వాత బండి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఏమీ ఎరగనట్టు ఉండటంలో దానికి నేను సరిజోడు.

చప్పుడు డిసెంబరులో మొదలైంది. ముందు విన్నది మా ఆవిడ. "ఏవండీ, మీ బండి పళ్ళు కొరుకుతోంది" అంది. మంచి జరిగితే మన బండి, చప్పుడొస్తే మీ బండి. పక్క ఫ్లాటాయన బాల్కనీలోంచే పరీక్ష చేసి, "చలికి లెండి మాస్టారూ, ఇంజిన్లు అలాగే అంటాయి" అని తేల్చేశారు. బెజవాడ చలి! ఆ మాట అంటున్నప్పుడు ఆయన వెనక హాల్లో ఫ్యాను 4 మీద తిరుగుతోంది.

శబ్దాన్ని వినకుండా ఉండటం కారు యజమాని ప్రాథమిక హక్కు. రాజ్యాంగంలో రాయడం మరిచిపోయినట్టున్నారు. నేను మాత్రం దాన్ని సంపూర్ణంగా వినియోగించుకున్నాను. డిసెంబరులో పాటల వాల్యూమ్ 12 మీద ఉండేది. సంక్రాంతికి 18. శివరాత్రికి 26. ఈ వైద్యం నూటికి నూరుపాళ్ళు పనిచేస్తుందని నా స్వానుభవంతో చెప్పగలను. జబ్బుకు కాదు, చెవికి.

ఆయిల్ సంగతి అడగకండి. సరే, చెబుతాను. సర్వీసు పుస్తకంలో "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని ఉంటుంది. నేను దాన్ని ఏళ్ళ తరబడి "ఏది వెనకైతే అది" అని చదువుకున్నాను. పైగా పక్క ఫ్లాటాయన సలహా మీద, చప్పుడు తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోయించాను. పొద్దున్నే చిక్కటి ఆయిల్ టెన్షనర్ దాకా ఎక్కేసరికి ఆలస్యమవుతుందనీ, అందుకే శెనగలు కాస్తా రాళ్ళయ్యాయనీ తర్వాత తెలిసింది. ఇక గొలుసు జీవితాంతం వస్తుందని కారు అమ్మేటప్పుడు చెప్పారు. ఎవరి జీవితమో నేను అడగలేదు.

శివరాత్రి వెళ్ళాక డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. స్కానరు పెడితే పీ 0016 అని వచ్చింది. అంటే క్రాంకు చెప్పేదానికీ క్యామ్ చెప్పేదానికీ పొంతన కుదరడం లేదని అర్థం. మా ఇంట్లో ఇది ఎప్పటి నుంచో ఉన్నదే, కానీ లైటు వెలగలేదు.

ఆటోనగర్‌లో మేస్త్రీ పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నా గుండె చూసిన డాక్టరు కూడా ఇంతసేపు మూయలేదు. కళ్ళు తెరిచి, "టెన్షనర్ పోయింది సార్. టెన్షన్ పడకండి" అన్నాడు.

టెన్షనర్ ధర రెండు వేల లోపే. కానీ దాన్ని చేరాలంటే బెల్టు, క్రాంక్ పుల్లీ, ట్యాపెట్ కవరు, టైమింగ్ కవరు, ఒక వైపు ఇంజిన్ మౌంటింగు, అన్నీ విప్పాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, అదే. కాకపోతే ఇక్కడ ఎలుకకు బిల్లు వేరు, కొండకు బిల్లు వేరు.

ట్యాపెట్ కవరు ఎత్తితే లోపల మాడిన పులుసు గిన్నె అడుగులా ఉంది. గైడు మీద గొలుసు రెండు గాడులు కోసింది. విరిగిన గైడు ముక్క ఒకటి కింద ఆయిల్ నిలిచే చాంబర్‌లో, ఆయిల్ వడకట్టే జాలీకి అడ్డం పడి దొరికింది. పాత టెన్షనర్ తీసి మేస్త్రీ నా అరచేతిలో పెట్టాడు. ప్లంజరును బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. నొక్కుతూ కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, చూస్తే అసూయ కలిగింది.

కొత్త గొలుసు, కొత్త గైడ్లు, కొత్త టెన్షనర్. కొత్తదాని ప్లంజరును లోపలికి నొక్కిపెట్టి ఒక పిన్ను గుచ్చి ఉంటుంది. క్రాంకు గుర్తు, క్యామ్ గుర్తులు, గొలుసులోని రంగు లింకులు అన్నీ కలిశాక మేస్త్రీ పిన్ను లాగాడు. టక్కుమంది. గొలుసు బిగిసింది. "ఇక సెల్ఫ్ కొట్టొచ్చుగా?" అన్నాను. అతను నన్ను జాలిగా చూసి, స్పానరు వేసి ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాడు. "తేడా ఉంటే చేత్తో తిప్పినప్పుడు అడ్డం తగిలి ఆగుతుంది సార్. సెల్ఫ్ కొడితే ఆగదు, వంగుతుంది."

రెండు చుట్ల తర్వాత చూస్తే గొలుసు మీద రంగు లింకులు ఎక్కడికో పోయాయి. నా ప్రాణం వాటితోనే పోయింది. "లింకులు మళ్ళీ అక్కడికే రావాలంటే చాలా చుట్లు తిప్పాలి సార్. గుర్తులు చూడండి, గుర్తులు" అని పుల్లీల మీద చుక్కలు చూపించాడు. అవి బుద్ధిగా వాటి చోట్లోనే ఉన్నాయి.

ఇప్పుడు బండి పొద్దున్నే పిల్లిలా లేస్తోంది. పాటల వాల్యూమ్ మళ్ళీ 12కి వచ్చింది. పాత టెన్షనర్ మా ఇంట్లో కరెంటు బిల్లుల మీద బరువుగా పనిచేస్తోంది. ఇలాంటి ఉద్యోగమే కావాలనుకున్నట్టుంది, చక్కగా కుదురుకుంది.

నిన్న పొద్దున పార్కింగ్‌లో శెనగల డబ్బా మళ్ళీ వినబడింది. ఈసారి నాది కాదు, పక్క ఫ్లాటాయనది. మే నెల, ఏడున్నరకే ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. "మాస్టారూ, ఈ చప్పుడేమిటంటారు?" అన్నారు. నేను బానెట్ మీద చెయ్యి వేసి, కాసేపు కళ్ళు మూసుకుని విన్నాను.

"చలికి లెండి" అన్నాను.