టిప్పర్ మారే 48 సెకన్లు ఎవరి లెక్కలో ఉన్నాయి?

మట్టి పని వెనకబడిందంటే చాలు, సమీక్షలో వినబడే మొదటి మాట 'ఇంకో పొక్లెయిన్ దించండి'. ఆ లెక్క యంత్రం కేటలాగు దగ్గర మొదలవుతుంది. మొదలవ్వాల్సింది గడువు దగ్గర.

1,20,000 క్యూబిక్ మీటర్ల తవ్వకం, 100 పనిరోజులు, రోజుకు 8 గంటలు అనుకుందాం. గంటకు 150 క్యూబిక్ మీటర్లు తవ్వాలి. ఇది నేలలో ఉన్న మట్టి కొలత. తవ్వాక మామూలు మట్టి పాతిక శాతం దాకా పొంగుతుంది కాబట్టి బకెట్ ఎత్తాల్సింది 187.5. బకెట్ 1.6 క్యూబిక్ మీటర్లు, 95 శాతం నిండుతుంది, ఒక బకెట్ తవ్వి, పోసి, మళ్లీ తవ్వే చోటికి రావడానికి పట్టే సైకిల్ టైమ్ 24 సెకన్లు, గంటలో నికరమైన పని 50 నిమిషాలు. 125 బకెట్లు, 190 క్యూబిక్ మీటర్లు. ఒక్క యంత్రం సరిపోయిందని చాలామంది లెక్క ఇక్కడే ముగించేస్తారు.

టిప్పర్‌ని అసలు చూడరు. 12 క్యూబిక్ మీటర్ల బండికి 8 బకెట్లు, అంటే 192 సెకన్లు. నిండిన బండి కదిలి, ఖాళీది వెనక్కొచ్చి సర్దుకునేసరికి మరో 48. అంతసేపూ పొక్లెయిన్ ఖాళీ. బండికి 4 నిమిషాల చొప్పున 50 నిమిషాల్లో పన్నెండున్నర బండ్లు, అంటే 150 క్యూబిక్ మీటర్ల పొంగిన మట్టి. కావాల్సింది 187.5. సరిగ్గా అయిదో వంతు తరుగు! పోయి, పోసి, రావడానికి 20 నిమిషాలైతే 6 బండ్లు చాలు. ఏడోది వరసలో నిలబడి డీజిల్ తాగుతుంది. పొక్లెయిన్‌కి రెండు పక్కలా బండి ఆగేలా చోటు చదును చేస్తే, ఒకటి నిండుతుండగానే రెండోది సిద్ధంగా ఉంటుంది. ఆ 48 సెకన్లు దాదాపు మొత్తం తిరిగొస్తాయి. అప్పుడు మాత్రం 8 బండ్లు కావాలి.

కట్ట పోసే చోట రోలర్‌నీ చూడాలి. 1.8 మీటర్ల నికర వెడల్పు, గంటకు 4 కిలోమీటర్లు, 20 సెంటీమీటర్ల పొర, 8 పాస్‌లు (అదే చోటు మీద 8 సార్లు తొక్కడం) అయితే నికరంగా 150 క్యూబిక్ మీటర్లు తొక్కుతుంది. తేమ తగ్గి 10 పాస్‌లు పడితే అదే రోలర్ 120కి దిగుతుంది. పోసిన కుప్పలు సర్దే చోటు లేక బండ్లు అక్కడ ఆగుతాయి. తవ్వే చోట ఉన్నవాళ్లకు మాత్రం అది టిప్పర్ల కొరతలా కనిపిస్తుంది.

పెద్ద యంత్రం ఉంటే ధీమా అంటారు. గట్టి నేలలో, బండరాయి తగిలిన చోట ఆ మాట నిజమే. మెత్తటి మట్టిలో ఆ ధీమాకి అద్దె కట్టాలి.

అద్దె గంటల లెక్కన కట్టడమే అసలు రోగం. లాగ్‌బుక్‌లో ఇంజిన్ గంటలుంటాయి; నిలబడి తిరిగిన ఇంజిన్‌కీ, తవ్విన ఇంజిన్‌కీ తేడా ఉండదు. ఆగితే నష్టపోయేవాడు లేనప్పుడు ఎందుకాగిందని ఎవరు అడుగుతారు? గంటకు ఎన్ని బండ్లు వెళ్లాయి, పొక్లెయిన్ ఎన్ని నిమిషాలు దేనికోసం ఆగింది అన్న రెండు గడులు లాగ్‌బుక్‌లో చేర్చి, అద్దెలో కొంత భాగాన్ని క్యూబిక్ మీటర్లకు ముడిపెట్టాలి. ఇంకో యంత్రం అడిగేవాళ్లు ముందు ఆ రెండో గడి చూపించాలి.