డాబా మీద మగ పాదులు

(రాజమండ్రిలో ఒక డాబా. పొద్దుగూకుతోంది. కుండీల్లో ఆకాకర తీగలు. సూర్యం రిటైరయ్యాడు. వరలక్ష్మికి ఆ అవకాశం రాలేదు.)

వరలక్ష్మి: ఏమండీ, ఆకాకర వేపుడన్నారు. మూకుడు పొయ్యి మీద పెట్టనా, ఇంకో ఏడాది ఆగనా?

సూర్యం: వెటకారాలొద్దు. పూత చూడు, ఎలా విరగబూసిందో!

వరలక్ష్మి: పూతకేం, సన్నజాజీ పూస్తుంది. కాయేదీ?

సూర్యం: (టార్చి వేసి) పువ్వు కింద బుల్లి ముళ్ళకాయ కనిపిస్తే ఆడపువ్వు. దీనికి లేదు... దానికీ లేదు... అన్నీ మగవేనే!

వరలక్ష్మి: బీరపాదుకి రెండూ ఒకే తీగకి పూస్తాయిగా?

సూర్యం: ఆకాకరకి ఆడ పాదు వేరు, మగ పాదు వేరు. గింజ వేసి పెంచితే ఏదో పూసేదాకా తెలీదు. పది ఆడ పాదులకి ఒక్క మగ పాదు చాలంటారు.

వరలక్ష్మి: మీరు బాయ్స్ హాస్టల్ పెట్టారు.

సూర్యం: నాటు విత్తనం మొలిపించడమంటే మాటలా? రంపచోడవరం సంతలో ముగ్గిన కాయ ఏరి, గింజలు కడిగి ఆరబెట్టి, పెంకు చివర కత్తిరించి, రాత్రంతా నానబెట్టి...

వరలక్ష్మి: నా పాలగిన్నెలో! నెయిల్ కట్టరు కూడా దానికే బలైంది. చలికాలం తీగ ఎండిపోతే పారేద్దామన్నాను. "దుంప నిద్రపోతోంది, కదపకు" అన్నారు. ఇన్నాళ్ళూ మగాళ్ళకి నీళ్ళు మోశానన్నమాట. అలవాటే లెండి.

సూర్యం: బజార్లో ఆకాకర కిలో చికెన్ రేటు పలుకుతోంది, తెలుసా?

వరలక్ష్మి: చికెన్ అయితే ఈపాటికి తినేసేవాళ్ళం.

సూర్యం: ఉండు! పక్కింటి పంతులమ్మగారి డాబా మీద ఆడ పాదుంది. పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయని మొన్న అంది. మగపువ్వు లేకే! మన పుప్పొడి అద్దితే నిలుస్తాయి. ఈ పువ్వులు విచ్చుకునేదీ ఇప్పుడే. వెళ్ళొస్తా.

వరలక్ష్మి: చీకటిపడే వేళ చేతిలో పువ్వు పట్టుకుని పంతులమ్మగారి డాబా ఎక్కుతారా? ఈ వయసులో?

సూర్యం: ఛ! ఇది వ్యవసాయమే!

వరలక్ష్మి: వీధిలో వాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్తారు? ఇటివ్వండి ఆ పువ్వు, నేనే అద్ది వస్తా. పప్పు అడుగంటకుండా చూస్తూ ఉండండి.

సూర్యం: సరే. ఒక కాయ పండనిచ్చి, గింజలు మనకిమ్మని అడుగు.

వరలక్ష్మి: మళ్ళీ గింజలా? ఆవిడ వాళ్ళన్నయ్య తెచ్చిన ఆడ పాదు దుంప పాతుకుందండీ. దుంపకి దుంపే వస్తుంది, ఆడదానికి ఆడదే. నేనడిగేది దుంప!

సూర్యం: ఆ సంగతి నీకు ముందే తెలుసా?

వరలక్ష్మి: తెలుసు. మీరు అడిగితేగా!