కంట్రోలు బియ్యం వెనక ఒక యుద్ధం

మన ఊళ్ళల్లో చాలామంది పెద్దవాళ్ళు ఇప్పటికీ రేషన్ షాపు అనరు, కంట్రోలు అంటారు. అక్కడి బియ్యం వాళ్ళకు కంట్రోలు బియ్యమే. ఆ మాట రెండో ప్రపంచ యుద్ధం నాటిది. తిండిగింజలు, బట్ట, కిరసనాయిలు, పంచదార అన్నీ సర్కారు కంట్రోలులోకి వెళ్ళిన రోజులవి.

యుద్ధం అనగానే మనకు 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు వేసిన బాంబులే గుర్తొస్తాయి. అసలు దెబ్బ అంతకు నెల ముందే, మార్చి 8న బర్మా (ఇప్పటి మయన్మార్) రాజధాని రంగూన్ జపాన్ చేతికి చిక్కినప్పుడే పడింది. అప్పటిదాకా బర్మా నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం వచ్చేది. కిరసనాయిలూ అక్కణ్ణుంచి వచ్చేది. రెండూ ఒకేసారి ఆగిపోయాయి.

ఉత్తరాంధ్రలో రంగూన్‌ని ‘రంగం’ అనేవాళ్ళు. రేవులో మూటలు మోయడానికి, రిక్షా లాగడానికి, రైసు మిల్లుల్లో పనికి మగవాళ్ళు రంగం వెళ్ళి ఇంటికి డబ్బు పంపేవాళ్ళు. 1941 డిసెంబరు 23న అక్కడ బాంబులు పడ్డాక టికెట్ దొరికినవాళ్ళు ఓడెక్కారు. మిగతా కూలీజనం అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిలో నడిచారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే వేలమంది పోయారు. ప్రాణాలతో ఇల్లు చేరినవాళ్ళకు ఇక్కడ పని లేదు, బియ్యం ధర అందేలా లేదు.

ఆ రోజుల్ని తలుచుకుంటే జనం సర్దుబాటు తెలివి ముచ్చటేస్తుంది. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచాయి. వెనక పీపాలాంటి పొయ్యిలో బొగ్గు రాజేసి, క్లీనరు చెయ్యి నొప్పెట్టేలా చక్రం తిప్పి గాలి కొడితేగానీ బండి కదిలేది కాదు. ఎత్తు వస్తే ప్రయాణికులే దిగి తోసేవాళ్ళు. లోహం మిగుల్చుకోవడానికి 1943లో కాణీకి నడిమధ్యన చిల్లు పెట్టారు. కిరసనాయిలు దొరకని ఇంట్లో ఆముదం దీపం మళ్ళీ వెలిగింది. వరన్నం తప్ప ఎరగని ఇళ్ళకు రేషన్‌లో గోధుమలు వస్తే, రవ్వ పట్టించి అన్నంలా వండుకున్న తల్లులున్నారు. ఒక్క పూట బియ్యాన్ని రెండు పూటలకు సాగదీయడం, తాను తిన్నానని చెప్పి పిల్లలకు పెట్టడం ఏ లెక్కలోకీ ఎక్కలేదు. యుద్ధం ఖర్చులో పెద్ద వాటా మోసింది ఆ ఆడవాళ్ళేనని నా నమ్మకం.

అయితే ‘ఆ కాలం మనుషులు ఎలాగోలా నెట్టుకొచ్చారు’ అని మెచ్చుకోవడం దగ్గరే ఆగితే తప్పు చేసినట్టే. సర్దుకోవడానికి ఇంట్లో ఎంతోకొంత ఉండాలి. ఏమీ లేనివాళ్ళ సంగతి ఏమిటో 1943లో బెంగాల్ కరువు చూపించింది. జపాన్ సైన్యం చేతికి చిక్కకూడదని సర్కారు 1942లోనే అక్కడి తీర ప్రాంతంలో పది మందికి మించి పట్టే పడవల్ని స్వాధీనం చేసుకుంది. పడవ పోయాక జాలరి ఏ తెలివితో బతకాలి? సైన్యం కొనుగోళ్ళతో, అచ్చేసిన నోట్లతో బియ్యం ధర ఎగబాకింది. కూలి మాత్రం అంత పెరగలేదు. చనిపోయినవాళ్ళు సుమారు 30 లక్షల మంది. వాళ్ళలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, జాలర్లు, చేతివృత్తులవాళ్ళు. వాళ్ళకు పొదుపు చేతకాక కాదు, పొదుపు చేయడానికి గింజ లేక పోయారు.

అందుకే కంట్రోలు అనే మాటను నేను చిన్నచూపు చూడలేను. ఆ క్యూలు, కార్డులు, తూకంలో మోసాలు, బ్లాకు వ్యాపారం అన్నీ నిజమే. అయినా ధర చూడకుండా మనిషికి ఇంత అని కొలిచి ఇచ్చిన చోటు అదొక్కటే. బొంబాయిలో రేషన్ 1943లోనే మొదలైంది. కలకత్తాలో అది పూర్తిగా అమలయ్యేసరికి 1944 జనవరి నెలాఖరు వచ్చింది. అప్పటికే పల్లెల్లో ఇళ్ళకు ఇళ్ళు ఖాళీ అయిపోయాయి.