బిల్‌బోర్డ్ హాట్ 100 గారికి ఒక ర్యాంకుల భక్తుడి లేఖ

అయ్యా హాట్ 100 గారూ,

మీరు 1958 ఆగస్టు 4న అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక ఇంట్లో పుట్టారు. అప్పట్నుంచీ వారం వారం అమెరికాలో ఏ పాట ఎన్నో నంబరో చెబుతూనే ఉన్నారు. మా ఊళ్లలో ఎంసెట్ ఫలితాలొచ్చిన రోజు టీవీ పెడితే "ఒకటి, ఒకటి, రెండు, మూడు" అని గొంతు చించుకునే ప్రకటనలు వచ్చేవి. నేను వాటి మధ్య పెరిగినవాణ్ణి. ర్యాంకు కనబడితే చెప్పులు విప్పి దణ్ణం పెట్టే రకం. అందుకే పాత బ్రిటిష్ రాక్ బ్యాండ్ల ఊసు ఎవరెత్తినా నా మొదటి ప్రశ్న ఒకటే: "అదంతా సరే, అమెరికాలో ఎంత?" విదేశాల్లో గెలవడమంటే మీ లిస్టులో గెలవడమేనని నా నమ్మకం. మా సినిమావాళ్లకి కూడా ఓవర్సీస్ అంటే చాలావరకు అమెరికాయే లెండి. కాబట్టి ఈ లేఖలో ఉన్న తిట్లలో సగం నావే. మీవి మిగతా సగం.

నా భక్తికి మొదటి బీట పడింది హైదరాబాదు ఆబిడ్స్‌లో. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మేవాళ్ల పక్కన ఒకాయన గోనెపట్టా పరిచి క్యాసెట్లు పెట్టుకున్నాడు. అందులో డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ బ్యాండు వాళ్ల 'మేడ్ ఇన్ జపాన్' దొరికింది. డబ్బా మూలన విరిగింది, లోపలి కాగితం మీద టీ మరక. ఎంతని అడిగితే పదిహేనన్నాడు. పదికివ్వమంటే నొచ్చుకున్నాడు. "జపాన్ సరుకు సార్. చూడండి, రాసే ఉంది. ఇండియా టేపులాగా చుట్టుకుపోదు."

నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. తర్వాత తెలిసింది, మీకంటే ఆయనే నయమని. అది అక్షరాలా జపాన్ సరుకే. 1972 ఆగస్టులో ఒసాకాలో రెండు రాత్రులు, టోక్యోలో ఒక రాత్రి వాయించినది. అడిగి రికార్డు చేయించుకున్నది జపాన్ కంపెనీ. మొదట ఆ దేశంలోనే అమ్మాలనుకున్నారు. తీరా విన్నాక బాగుందే అని మిగతా ప్రపంచానికీ వదిలారు. 1973లో మీ ఇంట్లోనే ఉండే ఆల్బమ్ చార్టు దాన్ని ఆరో నంబరుదాకా మోసింది. పెళ్లిచూపులు జపాన్‌వి, ఊరేగింపు మీది.

బీటిల్స్ సంగతి ఎత్తుతారని తెలుసు. 1964 ఏప్రిల్ 4, మొదటి అయిదు స్థానాలూ వాళ్లవే. ఒప్పుకున్నాం. ఆ ఫోటో మీరు అరవై ఏళ్లుగా హాల్లో తగిలించుకున్నారు. కానీ దాని వెనకాల ఉన్నది కూడా చూడండి. వాళ్ల రికార్డు కంపెనీ ఈఎంఐకి అమెరికాలో క్యాపిటల్ అని సొంత సంస్థే ఉండేది. తొలి పాటలు పంపితే అది మాకొద్దంది. సొంత కొడుకే తలుపు తీయకపోతే ఊళ్లో ఎవరి అరుగు మీదో పడుకున్నట్టు, ఆ పాటలు వీజే, స్వాన్ అనే చిన్న కంపెనీల దగ్గర తలదాచుకున్నాయి. మీరు గొప్పగా చూపించే ఆ అయిదింటిలో మూడు అరుగు మీద పడుకున్నవే.

ఇక స్లేడ్ అనే బ్రిటిష్ బ్యాండు. వీళ్ల గురించి కాస్త ఎక్కువసేపు పోట్లాడాలి. 1971, 73 మధ్య బ్రిటన్‌లో ఆరు నంబర్ వన్ పాటలు. 1973లో అయితే మూడు పాటలు విడుదలైన వారమే నేరుగా పైమెట్టు మీద దిగాయి. స్పెల్లింగులన్నీ కావాలని తప్పు రాసేవాళ్లు, బహుశా అది చూసి మీరు మార్కులు కోసేశారేమో. 'కమ్ ఆన్ ఫీల్ ది నాయిజ్'కి మీరిచ్చిన ర్యాంకు 98. ఇంకో మూడు మెట్లు జారితే వీధిలోకే. పాపం 1975లో సామాను సర్దుకుని అమెరికా వెళ్లి, ఊరూరా తిరిగి వాయించారు. మీరు కన్నెత్తి చూడలేదు. సరే, రుచులు వేరనుకున్నాం. మరి 1983లో క్వయట్ రయట్ అనే అమెరికా బ్యాండు అదే పాట, అదే కేక, అదే స్పెల్లింగుతో పాడితే అయిదో నంబరెలా ఇచ్చారండీ? మా పక్కింట్లో ఒకాయనున్నారు. భార్య చేసిన పులిహోర ముట్టరు, అదే పులిహోర గుళ్లో ప్రసాదంగా పెడితే రెండోసారి చెయ్యి చాస్తారు. మీరు గుర్తొచ్చి ఆయన్ని ఏమీ అనలేకపోతున్నాను.

షాడోస్ అనే బ్రిటిష్ బ్యాండుకీ ఇదే చేశారు. 1960లో వాళ్ల గిటారు బాణీ 'అపాచీ' బ్రిటన్‌లో నంబర్ వన్. మీ దగ్గర రెండో స్థానం దక్కింది ఒక డెన్మార్క్ గిటారిస్టు వాయించిన 'అపాచీ'కి.

కింక్స్ అనే ఇంకో బ్రిటిష్ బ్యాండు అయితే పరీక్ష హాల్లోకే రాలేకపోయింది. అమెరికా సంగీతకారుల యూనియన్ 1965 నుంచి నాలుగేళ్లపాటు వాళ్లని అక్కడ కచేరీలు చేయనివ్వలేదు. లెడ్ జెప్పెలిన్ కథ ఇంకో తమాషా. వాళ్ల 'స్టెయిర్‌వే టు హెవెన్' కోసం మీ దేశంలో జనం రేడియోలకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అది మీ లిస్టులో లేదు. ఎందుకంటే సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, అమ్మలేదు. దరఖాస్తు ఫారం నింపలేదు కాబట్టి కుర్రాడు ఫస్ట్ క్లాసయినా ఫెయిలే. ఆ రూలు మార్చడానికి మీకు 1998 డిసెంబరు దాకా పట్టింది. మా ఆఫీసులు నయం, నలభై ఏళ్లు కాకుండానే ఫైలు కదులుతుంది. (ఎప్పుడైనా.)

అలాగని మీరు బ్రిటిష్‌వాళ్లంటే పిసినారి కూడా కాదు. హెర్మన్స్ హెర్మిట్స్ పాడిన 'మిసెస్ బ్రౌన్'ని 1965లో నెత్తినెక్కించుకుని నంబర్ వన్ చేశారు. ఆ పాట బ్రిటన్‌లో సింగిల్‌గా విడుదలే కాలేదు. తొంభైల్లో లండన్ బ్యాండ్ బుష్ మీ దేశంలో లక్షల్లో అమ్ముకుంటుంటే సొంతూళ్లో జనం "ఎవరు వీళ్లు?" అన్నట్టు చూశారు. ఇంట్లో ఈగల మోత, మీ దగ్గర పల్లకీల మోత.

అసలు నన్ను పూర్తిగా విరిచేసింది బ్రిటిష్ బ్యాండు క్వీన్. 1981 మార్చి, బ్రెజిల్‌లోని సావ్ పౌలోలో మొరుంబీ స్టేడియం, ఒక్క రాత్రికి లక్షా ముప్పై వేల మంది. ఆ జనం భాష పోర్చుగీస్. వేదిక మీదున్నది మన పంచగని బోర్డింగ్ స్కూల్లో చదువుకున్న ఫరూఖ్ బుల్సారా, అంటే క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ. 'లవ్ ఆఫ్ మై లైఫ్' అందుకోగానే ఆ జనమంతా ఒకటే గొంతై ఇంగ్లీషులో పాడేస్తుంటే, ఆయన తను పాడటం ఆపి వాళ్లకి వదిలేసేవాడు. రికార్డింగు వినండి. గిటారు కంటే జనమే గట్టిగా వినిపిస్తారు. దీనికి మీ దగ్గర ఏ కాలమ్‌లో నంబరు వేస్తారు? వాళ్లూ విదేశాల్లోనివాళ్లే కదా, లేక సావ్ పౌలో ఇంగ్లండులో ఉందా?

మీరేమో 'బొహీమియన్ రాప్సొడీ'ని 1976లో తొమ్మిది దగ్గర ఆపి, ఒక హాస్యచిత్రంలో కుర్రాళ్లు కారులో కూర్చుని దానికి తలలూపాక, 1992లో రెండుకి పెంచారు. అప్పటికి ఫ్రెడ్డీ పోయి నెలలు గడిచాయి. రీవాల్యుయేషన్ రిజల్టు ఇంత ఆలస్యంగా మా యూనివర్సిటీ కూడా ఇవ్వలేదు.

ఇట్లు,
మీ ర్యాంకులు బట్టీ పట్టి, ఇప్పుడు మర్చిపోలేక చస్తున్న ఒక భక్తుడు

తా.క.: పోయిన ఆదివారం మళ్లీ ఆబిడ్స్ వెళ్లాను. ఆయన ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. స్లేడ్ క్యాసెట్ ఏమైనా మిగిలిందా అని ఊరికే అడిగాను. "అది ఏ దేశం సరుకు సార్?" అన్నాడు. ఇంగ్లండన్నాను. పెదవి విరిచాడు. "అమెరికాది చెప్పండి, తెప్పిస్తా."