నా కామెంట్ తీసేశారు, ఆ బూతులు మాత్రం ఉంచారు

ఇది రాసేటప్పటికి నాకింకా చేతులు వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకోండి.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మొన్న రాత్రి డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికి వస్తుంటే రాంగ్ రూట్‌లో వచ్చిన ఆటో గుద్దేసింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. ఒక న్యూస్ సైట్ వాళ్లు దాన్ని నాలుగు లైన్ల వార్త చేశారు. జరిగింది తాడేపల్లిగూడెం దగ్గరైతే తణుకు అని రాశారు. ఊరు తప్పు రాసినవాళ్లు పిల్ల పేరు, ఇంటిపేరు, వయసు మాత్రం పొల్లుపోకుండా వేశారు.

దాని కింద కామెంట్లు. "రాత్రి పదకొండింటికి ఆడపిల్లకి రోడ్డు మీద ఏం పని?" అని ఒకడు. "వెనకాల ఎవడు కూర్చున్నాడో అది రాయరేం?" అని ఇంకొకడు. ఇంటిపేరు పట్టుకుని కులం లెక్కగట్టి, ఆ కులం ఆడవాళ్లంతా ఇంతేనని మూడోవాడు. నాలుగోది నేనిక్కడ రాయలేను. ఆ పిల్ల మంచం మీద పడుకుని ఇవన్నీ చదివింది. నాకు ఫోన్ చేసి, "అక్కా, నువ్వు అలాంటి చోట పనిచేశావు కదా, ఇవి తీయించగలవా?" అని అడిగింది. కాలు నొప్పి గురించి ఒక్క మాట కూడా అనలేదు.

అదే వార్త కింద నేను ఒక కామెంట్ పెట్టాను. ఆ అమ్మాయి నర్సు, డ్యూటీ నుంచి వస్తోంది, ప్రమాదం జరిగింది తణుకులో కాదు, దయచేసి సరిచేయండి, కింద ఉన్న బూతులు తీసేయండి అని. ఒక్క పరుషమైన మాట వాడలేదు. పది నిమిషాల్లో తీసేశారు. మళ్లీ పెట్టాను. మళ్లీ తీసేశారు. ఇప్పుడు అక్కడ నేను రాయడానికే లేకుండా చేశారు. ఆ నాలుగు కామెంట్లు మాత్రం రెండు రోజులుగా అలాగే ఉన్నాయి, లైకులతో సహా.

ఎప్పుడు అడిగినా వీళ్లు చెప్పే మాట ఒకటే. "రోజుకి వేల కామెంట్లు వస్తాయండీ, అన్నీ చూడటానికి మనుషుల్లేరు." మరి ఆదివారం సాయంత్రం నా కామెంట్ పది నిమిషాల్లో ఎవరికి కనపడింది? మనిషి ఉన్నాడు. చదివాడు. మీ తప్పు ఎత్తి చూపిన మాటను తీసేయాలనుకున్నాడు, ఆడపిల్లను తిట్టిన మాటను ఉంచాలనుకున్నాడు. ఇది చేతకాక జరిగింది కాదు, ఎంచుకుని చేసింది.

నాకు తెలుసు కాబట్టే చెబుతున్నా. నేను కూడా ఒక వెబ్ డెస్క్‌లో రెండేళ్లు పనిచేశాను. నైట్ షిఫ్ట్‌లో ఒక్కదాన్నే. వార్తలు పెట్టాలి, ఫోటోలు వెతకాలి, ఫోన్లకి అలర్టులు పంపాలి, మధ్యలో ఖాళీ దొరికితే కామెంట్లు చూడాలి. ఆ ఖాళీ ఎప్పుడూ దొరికేది కాదు. తెల్లారేసరికి ఆరేడు వందలు పెండింగ్‌లో ఉండేవి. అప్పుడు అన్నీ ఒకేసారి టిక్ పెట్టి వదిలేయమనేవారు.

బూతులు ఆపడానికి ఒక పదాల లిస్టు ఉండేది. అందులో ఎక్కువ ఇంగ్లీషు తిట్లే. మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, మధ్యలో ఒక చుక్క పెడతారు, ఆ తిట్టు హాయిగా దాటిపోయేది. లిస్టులో 'చచ్చిపో' అనే మాట ఉండేది. దానివల్ల "మా మాస్టారు చచ్చిపోయారంటే నమ్మలేకపోతున్నాను" అని ఏడుస్తూ రాసినాయన కామెంట్ ఆగిపోయేది. పల్లెల్లో ఆ మాట అవమానంగా అనరు, బాధలో అలాగే వస్తుంది. అది ఆ లిస్టుకేం తెలుసు? "పెంపకం అలాంటిది" అన్న మాటలో బూతు ఏముంది? ఏమీ లేదు. "ఇంటిపేరు చూస్తే అర్థం కావట్లేదా" అన్నదాంట్లో? అదీ లేదు. తెలుగులో మనసు కోసే మాటలు చాలావరకు శుభ్రమైన పదాలతోనే ఉంటాయి. వాటిని పట్టుకోవాలంటే తెలుగు తెలిసిన మనిషి కూర్చోవాలి. వేరే దారి లేదు.

2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడ హత్య జరిగినప్పుడు నేను ఆ డెస్క్‌లోనే ఉన్నాను. కులాంతర పెళ్లి చేసుకుందని, గర్భంతో ఉన్న అమ్మాయి కళ్లముందే భర్తను నరికారు. అమ్మాయి తండ్రే చేయించాడని కేసు. ఆ వార్త కింద "తండ్రి చేసింది కరెక్టే" అని వరసగా వచ్చాయి. నేను తీస్తూ పోయాను. మర్నాడు మా ఇన్‌ఛార్జి నన్ను పిలిచి, "జనం అభిప్రాయం జనం చెబుతున్నారు, నీకెందుకు? కొట్టుకోనీ, పేజీ కదులుతుంది" అన్నాడు. ఆ "కొట్టుకోనీ" అన్న మాట నేను ఇవాళ్టికీ మర్చిపోలేదు. ఆ తర్వాతి ఏడాది దిశ ఘటన, హైదరాబాద్ దగ్గర డాక్టరమ్మాయి మీద అత్యాచారం, హత్య. బాధితురాలి పేరు వాడొద్దని పోలీసులు చెప్పాక వార్తలో పేరు మార్చాం. పేరు బయటపెట్టడం అప్పటి ఐపీసీ 228ఏ కింద నేరం కూడా. కానీ కింద కామెంట్లలో అసలు పేరు అలాగే ఉండిపోయింది. తీద్దామంటే "ఎన్నని తీస్తావు, వదిలేయ్" అన్నారు. అక్కడే నేను మానేశాను.

ఆడవాళ్ల మీదే ఎక్కువ పడతారని నేను అంటే, నీకన్నీ అలాగే కనపడతాయి అని విసుక్కునేవాళ్లు. 2016లో బ్రిటన్‌లోని గార్డియన్ పత్రిక తన సైట్‌కి వచ్చిన 7 కోట్ల కామెంట్లు లెక్కతీసింది. తమ రచయితల్లో ఎక్కువ తిట్లు తిన్న పదిమందిలో ఎనిమిది మంది ఆడవాళ్లు. మిగతా ఇద్దరు నల్లజాతి మగవాళ్లు. అతి తక్కువ తిట్లు తిన్న పదిమందీ మగవాళ్లే. మన దగ్గర ఎవరైనా ఈ లెక్క తీస్తారా? తీస్తే ఇంటిపేర్ల లెక్క కూడా తీయాల్సి వస్తుంది. అందుకే ఎవరూ ఆ జోలికి పోరు.

చేసేవాళ్లు చేస్తున్నారు. 2017 నాటికి న్యూయార్క్ టైమ్స్‌లో ఈ ఒక్క పనికే 14 మంది ఉండేవారు, రోజుకి 11 వేల కామెంట్లు చూసేవారు. అయినా వాళ్లు అన్ని వార్తలకీ కామెంట్లు తెరిచేవారు కాదు, పదింట ఒక వంతుకే తెరిచేవారు. ఎన్ని చూడగలమో అన్నే తెరవడం, అంతే. నార్వేలో ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే వాళ్లు ఇంకో పని చేశారు. కొన్ని వార్తల కింద కామెంట్ రాయాలంటే ముందు ఆ వార్త మీద మూడు చిన్న ప్రశ్నలకి జవాబు చెప్పాల్సి వచ్చేది. ఆ యాక్సిడెంట్ వార్త కింద "బండి నడుపుతున్నది ఎవరు?" అన్న ఒక్క ప్రశ్న పెట్టి ఉంటే, వెనకాల ఎవడున్నాడో అని రాసినవాడు అక్కడే ఆగిపోయేవాడు. ఇక అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ వాళ్లు 2016లో తమ సైట్‌లో కామెంట్లే మూసేశారు. నాకు మూసేయడం ఇష్టం లేదు, కానీ కాపలా లేకుండా తెరిచి పెట్టడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

వెంటనే ఒకరు వచ్చి వాక్ స్వాతంత్ర్యం అంటారని తెలుసు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలు వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కొట్టేసినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరు అడిగినా సైట్లు తీసేయక్కర్లేదు, కోర్టు ఆర్డరో ప్రభుత్వ ఆదేశమో ఉండాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. అది మంచిదే. లేకపోతే ప్రతి ఎమ్మెల్యే తన మీద వచ్చిన విమర్శ తీయించేస్తాడు. కానీ కోర్టు తీయక్కర్లేదంది, తీయొద్దనలేదు. ఆ తీర్పు చాటున దాక్కుని మంచం మీదున్న పిల్లను తిట్టించడం ఏం స్వాతంత్ర్యం? ఆ స్వాతంత్ర్యం నా కామెంట్‌కి ఎందుకు లేకపోయింది?

ఎస్తోనియాలో డెల్ఫీ అనే న్యూస్ సైట్ ఇలాగే బూతులు ఆరువారాలు ఉంచింది. బాధితుడికి 320 యూరోల దాకా కట్టమన్నారు. యూరప్ మానవహక్కుల కోర్టు దాకా వెళ్లినా 2015లో ఆ సైట్ ఓడిపోయింది. ఆస్ట్రేలియా హైకోర్టయితే (అక్కడ అదే అన్నిటికన్నా పెద్ద కోర్టు) 2021లో, మీ ఫేస్‌బుక్ పేజీ కింద జనం రాసినదానికి ప్రచురణకర్త మీరే అని పత్రికలకి చెప్పేసింది. మన దగ్గర 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల్లో ఫిర్యాదు అధికారి ఉండాలని, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని రాశారు. నేను ఆ సైట్‌లో ఆ అధికారి మెయిల్ వెతకడానికే అరగంట పట్టింది. అట్టడుగున, కనపడీ కనపడని అక్షరాల్లో పెట్టారు. మెయిల్ పెట్టి 40 గంటలు దాటింది. అందిందన్న మాట కూడా రాలేదు. 15 రోజులు ఆగమంటే ఆ పిల్లకి నేనేం చెప్పను? ఆ పదిహేను రోజులూ చుట్టాలు ఒక్కొక్కరే లింకు పంపి "ఇది మీ అమ్మాయేనా?" అని అడుగుతూనే ఉంటారు. ఇప్పటికే ముగ్గురు అడిగారట. నిన్న రాత్రి వాళ్లమ్మ కూతురి ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

ఆ సైట్‌లో నాకు తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ఇది వాళ్లకి చేరుతుంది. నైట్ షిఫ్ట్‌లో కూర్చున్న పిల్లల్ని నేను ఏమీ అనట్లేదు, ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఆ కుర్చీకి రెండో మనిషిని ఇవ్వని పెద్దలతోనే నా మాట. నా కామెంట్ తిరిగి పెట్టకపోయినా పర్లేదు. ఆ నాలుగూ తీసేయండి. పిల్ల పేరు, ఇంటిపేరు తీసేయండి. ఊరి పేరు తాడేపల్లిగూడెం అని మార్చండి.