స్టేజీ మీద తిరిగిన డ్రయ్యర్ గారికి ఒక బేస్ గిటారు వాడి ఉత్తరం

మహారాజశ్రీ డ్రయ్యర్ గారి దివ్యసముఖానికి,

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరూ, మీ పక్కనున్న మిగతా ఇద్దరూ క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి, ఇక అసలు సంగతికి వస్తాను. చాలా ఏళ్ళుగా ఇది నా కడుపులో మీ పొట్టలో తిరిగే బట్టల్లాగే గిరగిరా తిరుగుతోంది, ఈరోజు బయటికి తీసి దండెం మీద వేసేస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

మీరెవరో తెలియనివాళ్ళు కూడా ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి ముందు పరిచయం. కెనడాలోని టొరంటో నుంచి వచ్చిన రష్ అనే బ్యాండు ఒకటుంది. అప్పట్లో మనుషులు ముగ్గురే. గిటారు అలెక్స్ లైఫ్‌సన్, డ్రమ్స్ నీల్ పియర్ట్, మంద్రస్వరాలు పలికే బేస్ గిటారూ, పాటా రెండూ గెడ్డీ లీ. వీళ్ళది ప్రోగ్రెసివ్ రాక్. అంటే ఏమీ లేదు, ఒక్కో పాట ఇరవై నిమిషాలు కూడా ఉండొచ్చు, మధ్యలో తాళం మారిపోతుంది, ఎక్కడో వేరే గ్రహాల మీద గుళ్ళూ పూజారులూ వస్తారు, వినేవాడు తల ఊపడం మొదలుపెట్టగానే లెక్క తప్పుతాడు. ఇంత గంభీరమైన బ్యాండు 2002లో టూరుకి బయల్దేరుతూ, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, మిమ్మల్ని వెంటేసుకెళ్ళింది. నాణేలు వేస్తే తిరుగుతూ బట్టలారబెట్టే మేటాగ్ కంపెనీ డ్రయ్యర్లు, మూడు. పెట్టింది ఏ మూలనో అనుకునేరు. అందరికీ కనపడేలా స్టేజీ మీదే, గెడ్డీ లీ వెనకాల. లోపల బట్టలు తిరుగుతున్నాయి.

మిమ్మల్ని నేను మొదట చూసింది వీడియోలో. 2002 నవంబరు 23న రియో డి జనీరోలో మరకానా స్టేడియంలో తీసిన కచేరీ అది. 40 వేల మంది జనం. వానకి లారీలు ఆలస్యమై సౌండ్ చెక్ చేసుకోవడానికి కూడా టైము లేకపోయిందట ఆరోజు. గమనించండి, మైకులు సరిచూసుకునే తీరిక లేని చోట మిమ్మల్ని దించి, వరసగా నిలబెట్టి, తిప్పడానికి మాత్రం తీరిక దొరికింది! అందులో ఒక పాట ఉంది, మాటలే లేవు దానికి. టొరంటో విమానాశ్రయం కోడు వై వై జెడ్, పాట పేరూ అదే. ఆ మూడక్షరాలనీ టెలిగ్రాఫ్‌లో కొట్టినట్టు కొడితే ఎలా వస్తుందో ఆ లయతోనే పాట మొదలవుతుంది. మాటల్లేని ఆ పాటని ఆ 40 వేల మందీ ఎగురుతూ పాడుతున్నారు. నేను రోమాలు నిక్కబొడుచుకుని చూస్తున్నాను. బేస్ గిటారు అనేది ఇలా కూడా మోగుతుందా అని నోరు తెరుచుకుని ఉన్నాను. అప్పుడు మా అమ్మ చిక్కుడుకాయల పళ్ళెంతో వచ్చి పక్కన కూర్చుంది. ఒక్క నిమిషం చూసింది. ఈనెలు తీస్తూనే అడిగింది, "వెనకాల ఆ వాషింగ్ మెషీన్లేంట్రా?"

అదీ నా బాధ. వాయించేది ఎవరమ్మా అని కాదు, ఆ వేళ్ళు చూడు ఎలా పరిగెడుతున్నాయో అని కాదు. మీ గురించి అడిగింది.

"అవి డ్రయ్యర్లమ్మా" అన్నాను. "స్టేజీ మీద ఆరేసుకోవడం ఏంటి, ఇంటి దగ్గర ఎండ లేదా వాళ్ళకి?" అంది. కెనడా కదా, నిజంగానే ఉండదేమో, నేనేం చెప్పను!

డ్రయ్యర్ గారూ, బేస్ గిటారు వాయించేవాడి బతుకు మీకు తెలియదు. మా ఫ్రెండ్స్ బ్యాండులో నేను పదకొండేళ్ళుగా వాయిస్తున్నాను. ఎక్కువగా పెళ్ళి రిసెప్షన్లు, ఎప్పుడైనా కాలేజీ ఫెస్టు. మొన్నామధ్య ఒక రిసెప్షన్‌లో పెళ్ళికూతురి పెదనాన్న గారు స్టేజీ ఎక్కి, నా గిటారు వంక జాలిగా చూసి, "నాలుగు తీగలే ఉన్నాయేం బాబూ, మిగతా రెండూ తెగిపోయాయా?" అన్నారు. మిక్సింగ్ బోర్డు దగ్గర కూర్చునే కుర్రాడు యాంకర్ మైకు తీసుకున్నప్పుడల్లా ముందు నా సౌండే తగ్గిస్తాడు, మళ్ళీ పెంచడం మర్చిపోతాడు. మేం వాయిస్తే ఎవరికీ తెలీదు, ఆపేస్తే మాత్రం ఏదో తగ్గిందే అంటారు, కూరలో ఉప్పులాగా. అలాంటి మా కులానికంతటికీ దొరక్క దొరక్క ఒక గెడ్డీ లీ దొరికాడు. పాడుతూ బేస్ వాయిస్తాడు, ఎదురుగా కీబోర్డు ఉంటే అదీ వాయిస్తాడు, కాళ్ళ కింద పెడల్స్ ఉంటే వాటిని తొక్కి ఇంకో స్వరం పలికిస్తాడు. ముగ్గురమే వాయించాలి, నాలుగోవాణ్ణి పెట్టుకోకూడదు అని దశాబ్దాల పాటు పంతం పట్టిన బ్యాండు కాబట్టి ఆ నాలుగోవాడి చాకిరీ కూడా ఎక్కువగా ఈయన కాళ్ళ మీదే పడింది. ఒంట్లో ఖాళీగా ఉన్న భాగం లేదు. అలాంటి మనిషి వెనకాల నిలబడి, ఒక్క స్వరం కూడా పలక్కుండా, సందట్లో సడేమియాలాగా సగం పేరు మీరు కొట్టేశారు.

మిమ్మల్ని తిట్టాలనే నిర్ణయించుకుని, తిట్టే ముందు కొంచెం వివరాలు తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. అక్కడే కేసు బలహీనపడింది.

రాక్ కచేరీ అనగానే వెనకాల నల్లటి స్పీకరు పెట్టెలు గోడలా పేర్చి ఉంటాయి కదా. ఆ గోడ ఎంత పొడుగుంటే వాడు అంత మొనగాడని లెక్క. నిజానికి జనానికి వినపడేది వాటిలోంచి కాదు, పక్కన వేలాడే పెద్ద సిస్టమ్‌లోంచి. చాలా బ్యాండ్ల దగ్గర ఆ గోడలో పెట్టెలు ఉత్త డొల్ల, లోపల స్పీకరే ఉండదు, పెళ్ళి పందిట్లో థర్మకోల్ ఏనుగుల్లాగా. గెడ్డీ లీ తన సౌండుని పెట్టెల్లేకుండా నేరుగా మిక్సింగ్ బోర్డుకే పంపడం మొదలుపెట్టాడు, తనకి వినపడాల్సింది చెవిలో పెట్టుకున్న బుల్లి మానిటర్లలో వింటాడు. దాంతో ఆయన వైపు స్టేజీ ఖాళీ అయిపోయింది. అవతల లైఫ్‌సన్ వైపు చూస్తే గిటారు సౌండు పెంచే యాంప్‌లు నిండుగా ఉన్నాయి. ఒకవైపు నిండుగా, ఇంకోవైపు బోసిగా, సగం మీసం గొరిగినట్టు. ఇంకెవరైనా అయితే నాలుగు డొల్ల పెట్టెలు పేర్చి పరువు కాపాడుకునేవాళ్ళు. ఈయన మిమ్మల్ని తెచ్చి పెట్టాడు. అది కూడా ఊరికే అలంకారానికి కాదు. మీలో తిరిగేవి మామూలు బట్టలు కావు, బయట అమ్మని ప్రత్యేకమైన టీషర్టులు. కచేరీ అయిపోయాక గెడ్డీ లీ, లైఫ్‌సన్ కలిసి వాటిని తీసి జనంలోకి విసిరేవాళ్ళు. అంటే ఆ డొల్ల పెట్టెల కంటే మీరే నయం. మీరు డ్రయ్యర్ వేషం వెయ్యలేదు, డ్రయ్యర్ పనే చేశారు.

ఇది ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు, కారణం మీ జాతితో నాకున్న పాత కక్ష. నేను అమెరికాలో ఎంఎస్ చదివేటప్పుడు మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో మీ చుట్టం ఒకాయన ఉండేవారు. ఆయనకీ నాణేలే నైవేద్యం. క్వార్టర్ల కోసం, అంటే పాతిక సెంట్ల నాణేల కోసం, మేం నలుగురం రూమ్మేట్లం కొట్టు కొట్టూ తిరిగి, చిప్స్ పాకెట్లు కొని చిల్లర అడిగి, ఊరగాయ సీసా కడిగి అందులో దాచుకునేవాళ్ళం. ఆ సీసా మీద చెయ్యి వేస్తే చంపేస్తాం అన్నట్టు ఉండేది. జనవరి నెల, బయట మోకాలి లోతు మంచు, మర్నాడు నాకు మొదటి ఇంటర్వ్యూ. ఉన్న ఒక్క మంచి చొక్కా వేసి మూడు క్వార్టర్లు సమర్పించుకున్నాను. ఆయన ఓ ఐదు నిమిషాలు తిరిగి, ఒక మూలుగు మూలిగి ఆగిపోయారు. తలుపు తీస్తే చొక్కా గోరువెచ్చగా, తడిగా, ఆవిరి కుడుముల మీద కప్పిన గుడ్డలాగా ఉంది. రాత్రంతా హీటర్ ముందు పట్టుకుని కూర్చున్నాను. ఇంటర్వ్యూలో వాళ్ళు నా మీద మర్యాదగా ఏసీ ఆన్ చేశారు.

మీకు సంబంధం లేని విషయమే అనుకోండి. కానీ చుట్టరికం చుట్టరికమే.

ఆ మాటకొస్తే స్టేజీ మీద మీ వంశవృక్షం కూడా చిన్నదేం కాదు. మీకంటే ముందు, 1996లో మొదలైన టూరులో, ఆ చోట పాతకాలం ఫ్రిజ్ ఒకటి ఉండేది, అదీ నిండా సరుకుతో. మీ తర్వాత 2004 టూరులో మీ ముగ్గురిలో ఒకరిని పక్కకి తప్పించి తినుబండారాల మెషీన్ పెట్టారు. అది ఎవరిని తప్పించారో నాకు తెలీదు గానీ, ఆఫీసులో రీ-ఆర్గ్ అంటే ఇదే, మీకు నా సానుభూతి. 2007లో ఏకంగా కోళ్ళు కాల్చే ఓవెన్లు మూడు. పాట మధ్యలో టోపీ, ఏప్రన్ కట్టుకున్న వంటవాడు వచ్చి, ఆ కోళ్ళ బాగోగులు చూసి వెళ్ళేవాడు. ముందు ఒక మనిషి ప్రాణం పెట్టి పాడుతుంటే వెనకాల ఇంకోడు కోడి తొడ కాలిందా లేదా అని చూస్తుంటాడు. మా రిసెప్షన్లలో సరిగ్గా ఇదే జరుగుతుంది, కాకపోతే మాకు కౌంటర్ అవతల ఉంటుంది, పైగా జనమంతా అటే చూస్తుంటారు. ఆ తర్వాత 2010లో సాసేజ్‌లు చేసే యంత్రం, 2012లో పాప్‌కార్న్ మెషీన్. ఇవతల ఇంత సంసారం పెరుగుతుంటే లైఫ్‌సన్ ఊరుకుంటాడా, తన యాంప్‌ల దగ్గర డైనోసార్ బొమ్మలు పెట్టుకున్నాడు. 2013లో, రాక్ సంగీతంలో గొప్పవాళ్ళని గౌరవించే రాక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుని మాట్లాడమంటే, మైకు ముందు మొత్తం స్పీచ్ "బ్లా బ్లా బ్లా" అనే ఒక్క మాటతోనే, అభినయంతో సహా, చెప్పి దిగిపోయిన మనిషి అతను. ఇలాంటి ఇంటికి కోడలిగా వచ్చారు మీరు.

ఇంటి సంగతి అన్నాను కాబట్టి ఒక మాట. గెడ్డీ అనేది అసలు పేరు కాదు, గ్యారీ. తల్లిదండ్రులు పోలండ్ నుంచి వచ్చిన యూదులు, నాజీల క్యాంపుల్లోంచి ప్రాణాలతో బయటపడినవాళ్ళు. తల్లి తన యాసలో "గ్యారీ" అని పిలిస్తే స్నేహితుడి చెవికి "గెడ్డీ" అని వినపడింది, అదే ఖాయమైపోయింది. ఆయన పన్నెండేళ్ళప్పుడు తండ్రి పోతే ఆవిడే కొట్టు నడిపింది. 1974లో కొడుకు మొదటి రికార్డు వస్తే కొట్టు అద్దాల నిండా పోస్టర్లు అంటించి, డబ్బుల్లేని పిల్లలకి రికార్డులు ఊరికే ఇచ్చేసిందట. నాకు ఈ విషయం చదివాక మీ మీద సగం కోపం పోయింది. ఎందుకో అడక్కండి.

మిగతా సగం పోవడానికి కారణం వేరే ఉంది. మీరు వచ్చిన 2002 ముందు ఐదేళ్ళు ఆ బ్యాండు స్టేజీ ఎక్కలేదు. 1997లో పియర్ట్ కూతురు కారు ప్రమాదంలో పోయింది, ఏడాది తిరక్కుండానే భార్య క్యాన్సర్‌తో పోయింది. ఆయన మోటార్‌సైకిలెక్కి వేల మైళ్ళు ఒంటరిగా తిరిగాడు. మిగతా ఇద్దరూ ఇక రష్ అయిపోయిందనే అనుకున్నారు. తర్వాత మళ్ళీ కలిసి, రికార్డు చేసి, స్టేజీ ఎక్కారు. అలాంటి రాత్రి జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంటారు, వీళ్ళు కూడా గొంతు పూడుకుని నాలుగు మాటలు చెప్పుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కానీ లైట్లు వెలిగేసరికి వెనకాల మీరు ముగ్గురూ టీషర్టులు తిప్పుకుంటూ ఉన్నారు. అంతే. ఏడవాల్సినవాళ్ళకి కూడా నవ్వొచ్చి ఉంటుంది.

2015 టూరులో మిమ్మల్ని మళ్ళీ చూశాను. ఆ టూరులో పాటలు కొత్తవాటి నుంచి పాతవాటికి వెనక్కి నడుస్తాయి, పనివాళ్ళు వచ్చి పాట జరుగుతుండగానే స్టేజీ మీద సామాన్లు ఒక్కొక్కటే మార్చేస్తుంటారు. మీ వంతు వచ్చింది, వెళ్ళింది. చివరికి ఏమీ మిగల్లేదు, కుర్చీ మీద పెట్టిన చిన్న యాంప్ తప్ప, స్కూల్ జిమ్‌లో వాయించుకునే కుర్రాళ్ళ దగ్గర ఉన్నట్టు. ఆగస్టు 1న లాస్ ఏంజెలస్‌లో చివరి కచేరీ. ఎప్పుడూ డ్రమ్స్ దాటి ముందుకి రాని పియర్ట్ ఆ రాత్రి ముందుకొచ్చి మిగతా ఇద్దరినీ కౌగిలించుకున్నాడు. 2020 జనవరిలో ఆయన పోయాడు.

ఇక ఉత్తరం రాయడానికి అసలు కారణం. 2025 అక్టోబరులో గెడ్డీ లీ, లైఫ్‌సన్ మళ్ళీ టూరు ప్రకటించారు, 2026లో, జర్మనీకి చెందిన ఆనికా నిల్లెస్ డ్రమ్స్ వాయిస్తుందని. వినగానే మా వాట్సాప్ గ్రూపులో గోల గోల. ఆమె పియర్ట్ పాటలు ఎలా వాయిస్తుందని ఒకడు, టికెట్టు ఎంతని ఇంకోడు. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెప్తున్నాను, మొదట వచ్చిన ఆలోచన మీ గురించే. మా అమ్మ పూనింది నన్ను.

కాబట్టి డ్రయ్యర్ గారూ, కబురొస్తే బెట్టు చెయ్యకుండా వెళ్ళండి. వెళ్తే చిన్న సాయం. ఒక టీషర్టు నా పేరు మీద పక్కన పెట్టించండి, ఎక్స్‌ఎల్. మీ చుట్టం గారి దగ్గర నాకు ఇంకా మూడు క్వార్టర్లు రావాలి, అవి ఇందులో చెల్లు వేసుకుందాం.

పూర్తిగా ఆరాకే పంపండి.

ఇట్లు,
నాలుగు తీగలవాడు